పారే నీళ్లలో నిర్మాల్యం

పసుపు వాసన తగిలితే చాలు, సియాటిల్ బస్సులో నా పక్కన కూర్చున్న ఆ పెద్దమనిషి గుర్తొచ్చి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒళ్లో ముడేసిన ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, నన్ను చూడగానే "తెలుగేనా అమ్మా?" అన్నాడు. కవరులో ఏముందని అడిగాను.

"నిర్మాల్యం అమ్మా. పూజ చేసిన పూలు చెత్తలో వేస్తామా? కాళ్ల కింద పడతాయి. పారే నీళ్లలోనే కలపాలి."

వాగు వంతెన దగ్గర ఇద్దరం దిగాం. సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీది వచ్చి ఆ వాగులో గుడ్లు పెడతాయి. వాటికోసం ఊళ్లోవాళ్లు గట్టున మొక్కలు నాటి, నీళ్ల అడుగున గులకరాళ్లు పరిచారు. గుడ్లు పెట్టే వేళకు ఎర్రబడిన చేప ఒకటి తోకతో ఆ రాళ్లలో గొయ్యి తవ్వుతోంది. ఆయన భక్తిగా బూట్లు విప్పి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి, కవరును కవరుగానే దాని మీదికి విసిరాడు. ముడి ఊడి, కుళ్లిన బంతిపూలు, నూనె వత్తులు, పసుపు, కుంకుమ నీళ్లంతా పరుచుకున్నాయి. చేప బెదిరి పారిపోయింది. ఖాళీ కవరు కొట్టుకుపోయి గట్టున మొక్కకు చిక్కుకుంది.

"అంకుల్, అక్కడ చేపలు గుడ్లు పెడతాయి!" అని అరిచాను.

"పసుపేగా అమ్మా, యాంటీసెప్టిక్. వాటికీ మంచిదే."

ఆయన తీరిగ్గా బూట్లు వేసుకుని, టిష్యూతో చేతులు తుడుచుకున్నాడు. దాన్ని ఉండచుట్టి, చెత్తడబ్బా వెతుక్కుంటూ బస్టాపు దాకా వెనక్కి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

"ఇదేం ఇండియా కాదు కదమ్మా," అన్నాడు టిష్యూ అక్కడి డబ్బాలో వేస్తూ, "ఎక్కడపడితే అక్కడ పడేయకూడదు."