లెన్సు విప్పిన ఆదివారం

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి, బళ్ళారిలో కళ్ళద్దాల షాపతను నా అద్దాన్ని ఫ్రేములోంచి తీసేముందు దాని మీద పెన్నుతో చిన్న గీత పెట్టుకున్నాడు, మళ్ళీ బిగించేటప్పుడు తిరిగిపోకుండా. ఒకప్పుడు నేను చేయని పని అదే.

గనుల మీద డబ్బు పారిన రోజులవి. ఆరేసిన బట్టలు ఇనుప ఖనిజం దుమ్ముకు సాయంత్రానికి ఎర్రబడేవని మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఖనిజం లారీల ఆఫీసులో గుమాస్తాగా చేరి, నేను అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. బావ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టరు. ఆయన మేడ మీద అమర్చుకున్న చిన్న టెలిస్కోపు చీకటి పడగానే తనంతట తానే తిరుగుతూ ఆకాశాన్ని వరుసగా ఫొటోలు తీసేది. పొద్దున్నే ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క నక్షత్రం చోటు కొలిచి, అదే పని చేసే మరికొందరికి పంపేవారు. అక్క నాకు కాఫీ ఇస్తూ, "మీ బావకి నక్షత్రం యాడికి పోతాండాదో తెలుస్తాది, బియ్యం డబ్బా యాడుండాదో తెలీదు" అనేది.

లెన్సు మీద దుమ్ము తుడవడం నా వంతు. విప్పొద్దని బావ ముందే చెప్పారు. ఒక ఆదివారం వాళ్ళు చర్చికి పోయినప్పుడు, దుమ్ము లోపలికీ చేరిందని చూసి, ఆయనకు శ్రమ తప్పిద్దామని విప్పి తుడిచి బిగించాను. అది రవ్వంత తిరిగి కూర్చుంది. ఏ లెన్సయినా ఫొటో అంచుల్లో నక్షత్రాలను కొంచెం పక్కకు జరిపి చూపిస్తుందనీ, బావ ఆ తేడాను లెక్కగట్టే కొలిచేవారనీ, లెన్సు తిరిగితే ఆ లెక్క చెల్లదనీ నాకప్పుడు తెలియదు.

కొన్నాళ్ళకు, అంచున ఉన్న ఒక మసక నక్షత్రం పాత చోటు నుంచి జరిగినట్టు బావకు కనిపించింది. సంతోషంగా ఆ కొలిచేవాళ్ళందరికీ రాశారు. తమ ఫొటోల్లో అది కదల్లేదనీ, లెన్సు ఎవరైనా విప్పారేమో చూడమనీ జవాబొచ్చింది.

"ఎవురన్నా విప్పినారేమప్పా?" అని బావ నన్ను మెల్లగా అడిగారు.

"లేదు బావా" అన్నాను. తిడతారనే భయం కాదు, ఆయన నన్నెన్నడూ తిట్టలేదు.

"నువ్వు చెప్తే ఇంకేముందిలే" అని, తప్పు తన లెక్కలదేనని రాసి, ఎప్పటినుంచి చెడ్డాయో తెలియక అన్నేళ్ళ కొలతలనూ వెనక్కి తీసుకున్నారు. ఫలానా ఆదివారమని నేను చెప్పి ఉంటే, అంతకు ముందువన్నీ నిలిచేవి.

చర్చిలో అందరం కలిసి పాపాలు ఒప్పుకునేటప్పుడు ఏళ్ళ తరబడి ఆయన పక్కనే నిలబడి గొంతు కలిపాను. పోయిన వేసవిలో ఆయన్ను సమాధి చేశాం. ఇప్పుడు లారీలు తగ్గాయి, ఆకాశం తేటపడింది. ఎక్కడో కొండల మీద పెద్ద టెలిస్కోపులు మనిషి చెయ్యి పడకుండా లెక్కలేనన్ని నక్షత్రాల చోట్లు కొలుస్తున్నాయట. మా అక్క ఇంట్లో ఇప్పుడెవరూ నక్షత్రాలు కొలవరు.