కంప్యూటరు చదవని మాటలు

మా మామ పోయారు. శివరాత్రి దాటిన వారానికి, పొద్దున్నే టీ తాగి, పేపరు సగం చదివి, కుర్చీలో వెనక్కి వాలి అలాగే ఉండిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. గుండె అన్నారు. మార్కాపురంలో తెలిసినవాళ్ళందరికీ మా ఆయన ఫోన్లు చేస్తుంటే, నేను మామ కంప్యూటరు ముందు కూర్చుని, ఆయన ముఖం ఒక్కసారి కూడా చూడని మనుషుల కోసం రెండు వాక్యాలు రాశాను. “మా మామ ఈ ఉదయం చనిపోయారు. ఆయన చూసే పనులు ఇక నేను చూస్తాను.” రాసి, అక్కడే బావురుమన్నాను.

ఆయన మొదట టైపు ఇన్‌స్టిట్యూటు నడిపారు. టైపు మిషన్లు మూలపడ్డాక దాన్నే కంప్యూటరు సెంటరు చేశారు. అదీ మూతపడ్డాక ఇంట్లో కూర్చుని ఒక ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. మా వైపు ఎండాకాలం నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి. ఏ వీధికి ముందు పోవాలి, ఏ వీధికి తర్వాత అనే దగ్గరే తన్నులాటలన్నీ. ఏ బోరు దగ్గర నింపాలి, ఏ ట్యాంకరు ఎటు పోవాలి, ఈ రోజు ఎవరి వంతు అని చెప్పే ప్రోగ్రాము అది. దాన్ని ఆయన తాళం వేసి దాచుకోలేదు. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు అని ఇంటర్‌నెట్‌లో బహిరంగంగా పెట్టారు. మాలాంటి మెట్ట ఊళ్ళవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని తీసుకున్నారు.

ప్రోగ్రాములు రాయనివాళ్ళకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద ప్రోగ్రామును ఒకే ముద్దగా రాయరు, భాగాలుగా రాస్తారు. ఒక్కో భాగాన్ని క్లాసు అంటారు. మా దాంట్లో బోరు ఒక క్లాసు, ట్యాంకరు ఒక క్లాసు, డ్రైవరు, వీధి, వంతు, ఒక్కొక్కటీ ఒక క్లాసు. ప్రతి క్లాసు పైన, అది ఏమిటో ఎందుకో మనుషుల భాషలో నాలుగు మాటలు రాసిపెట్టుకోవచ్చు. వాటిని కామెంట్లు అంటారు. కంప్యూటరు వాటి జోలికి రాదు, దాటుకుని పోతుంది. తర్వాత వచ్చే మనుషుల కోసమే అవి. చాలామంది రాయరు, రాసినా మొక్కుబడిగా రాస్తారు. మామ ప్రాణమంతా వాటిలోనే ఉండేది.

ఆయన ‘వంతు’ అనే క్లాసు మీద రాసిన ఒక వాక్యాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని ఈ ఎండాకాలం నేను పడిన అవస్థ చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు మనిషి తెలియాలి కదా.

నేను అర్ధవీడు పక్క పల్లె నుంచి ఈ ఇంటికి వచ్చాను. మా నాయనకు గొర్రెలు. నేను బీటెక్ చదివి, ఇంట్లోంచే ఒక కంపెనీకి పని చేస్తాను. వచ్చిన కొత్తలో మామ ప్రోగ్రాము చూసి, నా తడాఖా చూపిద్దామని ఒక పూటలో కొత్త క్లాసు ఒకటి రాసి పడేశాను. సాయంత్రం ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు.

“ఎవురమ్మా ఇది?”

“ఎవురేంది మామా, క్లాసు. బోర్లల్లో నీళ్ళ మట్టం చూసుకుంటాది.”

“అది నీకు తెలుసు. నువ్వు ఈ ఇంటికొచ్చిన దినం ఈధి ఈధంతా వచ్చి అడగలా, ఎవురింటి పిల్ల, ఏ ఊరు, ఏం పని వస్తాది అని? ఇది గూడా కొత్త కోడలే. ఎవురో ఏందో చెప్పకుండా తెచ్చి ఇంట్లో కూసోబెడితే ఎట్లమ్మాయ్?”

నాకు ఒళ్ళు మండింది. “ఆ దినం జవాబులు చెప్పలేక నా నోరు పడిపోయింది మామా” అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. “అందుకే రాసిపెట్టు. మళ్ళా మళ్ళా అడగరు.”

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఆ మాటల మీదే పేచీ. నేను రాసింది ఆయన కొట్టేసేవారు, ఆయన రాసింది నేను కొట్టేసేదాన్ని. ఇంగ్లీషులో రాద్దామని నేను, తెలుగులో రాద్దామని ఆయన. చివరికి ముందు తెలుగు, దాని కింద ఇంగ్లీషు అని రాజీకి వచ్చాం. ఇంగ్లీషు నా నెత్తిన పడింది.

ఏది చేస్తుందో అందరూ రాస్తారు, ఏది చెయ్యదో రాయి అనేవారు ఆయన. డ్రైవరు క్లాసు మీద ఆయన రాసింది చూసి నేను ఎంత ఎగతాళి చేశానో. “ఇది డ్రైవరు పేరు, ఫోను నంబరు, బండి నంబరు గుర్తుపెట్టుకుంటుంది. ఇది మనిషి కాదు. అతనికి ఆకలవుతుందని దీనికి తెలియదు. ట్రిప్పులు వేసేటప్పుడు మీరు గుర్తుపెట్టుకోండి.” ఇదేం రాత మామా, కథ రాస్తున్నావా అన్నాను. కొన్నాళ్ళకు కర్ణాటక నుంచి ఎవరో, మాకు ముక్కూ ముఖం తెలియని మనిషి, ఆ మాటలు చదివి మధ్యాహ్నం భోజనానికి గంట సేపు ట్రిప్పు పడకుండా ప్రోగ్రామును దిద్ది పంపించారు. మామ ఆ పూట రెండుసార్లు టీ పెట్టించుకుని తాగారు. నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. అదే నాకు ఎక్కువ మంట.

రాసింది ఏదైనా మా అత్తకు చదివి వినిపించాల్సిందే. అత్త చేటలో కొర్రలు చెరుగుతూనో, గోరుచిక్కుళ్ళు తుంచుతూనో వినేది. కంప్యూటరు గొడవ ఆమెకు పట్టదు. కానీ ఎక్కడ మాట తిరకాసుగా ఉంటే అక్కడ చెయ్యి ఆపి “అంటే?” అనేది. ఒకరోజు మామకు చిర్రెత్తింది.

“నీకు అర్థం గావాలని రాయడంలా నేను.”

“మరి నాకెందుకు చదువుతావు? పోయి గోడకు చదువుకో.”

ఆయన విసురుగా లోపలికి పోయారు. కాసేపటికి కీబోర్డు టపటపలు మొదలయ్యాయి. టైపు మిషను మీద కొట్టిన చేతులు కదా, పక్కింటికి వినిపించేంత గట్టిగా కొట్టేవారు. వరస అయిపోగానే ఎడమచెయ్యి గాలిలోకి లేచి, అక్కడ లేని మిషను పిడిని పక్కకు నెట్టబోయి, ఖాళీగా దిగేది. ఎన్నేళ్ళైనా ఆ అలవాటు పోలేదు. కొత్తగా రాసింది పట్టుకుని మళ్ళీ అత్త దగ్గరికే వచ్చారు. ఈసారి ఆమె చెయ్యి ఆపలేదు. “బాగుంది పో” అంది.

ఆయన నాకు ఎక్కువసార్లు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. “చదివే మనిషి నీకు ఫోన్ చెయ్యలేడు అనుకొని రాయమ్మాయ్.” ఎందుకు చెయ్యలేడు, నంబరు పక్కనే ఉంది కదా అని వాదించేదాన్ని. ఆయన పోయిన తర్వాత వారం రోజులు ఎక్కడెక్కడి నుంచో సందేశాలు వచ్చాయి. మీ మామగారితో ఎప్పుడూ మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అన్నీ రాసే ఉన్నాయి అని ఒకరు రాశారు. అప్పుడు అర్థమైంది నాకు. అర్థమై ఏం లాభం, ఆయనతో చెప్పడానికి ఆయన లేరు.

ఇక ఆ వంతు సంగతి. ఆ క్లాసు మీద మామ మూడు వరసలు రాశారు.

“ఏ వీధికి ముందు, ఏ వీధికి తర్వాత నీళ్ళు పోవాలో ఇది చెబుతుంది.
డ్రైవరు నుంచి కబురు రాకపోతే ఆ వీధికి వంతు తప్పినట్టే. మర్నాడు ముందు ఆ వీధికే.
ఎవరి ఇల్లు పెద్దదో ఈ క్లాసుకు తెలియదు.”

చివరి వరస ఊరికే రాలేదు. ఒకసారి ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి, మా వీధి ఎప్పుడూ ముందుండేట్టు చూడు సారూ అని అడిగారు. మామ ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, “చేద్దును గానీ, దానికి మీరెవురో తెలీదే, నేనేం చేసేది?” అన్నారు. ఆయన వెళ్ళగానే ఆ వరస రాశారు. ఈ ప్రోగ్రాము మీద పని చేసే మా గుంపువాళ్ళమందరం ఆ క్లాసును మామ ఫొటో లాగా చూసుకునేవాళ్ళం.

ఈ ఎండాకాలం పుల్లలచెరువు వైపు పల్లెల్లో తిప్పలు మొదలయ్యాయి. అడవి అంచున గుట్ట ఎక్కితే తప్ప ఫోనుకు సిగ్నల్ ఉండదు. డ్రైవరు నీళ్ళు పోసినా ఆ కబురు ప్రోగ్రాముకు చేరేది కాదు. వంతు తప్పిందనుకుని అది మర్నాడు మళ్ళీ ఆ వీధికే ట్యాంకరును పంపేది. ఆ వెనక వీధివాళ్ళు ఖాళీ బిందెలతో ఎండలో నిలబడేవాళ్ళు. దొనకొండ నుంచి మాతో పని చేసే ఒక అమ్మాయికి అమ్మమ్మ ఊరు అదే, అమ్మమ్మది ఆ వెనక వీధే. ఆ అమ్మాయి తప్పు పట్టుకుని, ప్రోగ్రాము దిద్ది పంపింది. దాంతోపాటు మామ రాసిన రెండో వరస తీసేసి, తనది పెట్టింది.

గుంపులో ఎవరికీ అది మింగుడుపడలేదు. గిద్దలూరులో నెట్ సెంటరు నడిపే అన్న, మామ దగ్గర టైపు నేర్చుకున్న మనిషి, నాకు ఫోన్ చేశాడు.

“ప్రోగ్రాము మార్చు తల్లీ, కాదనను. సారు మాట మాత్రం ముట్టుకోవద్దు. కావాలంటే కింద ఆ పిల్లది గూడా రాసుకోనీ.”

నా మనసులో ఉన్నదీ అదే. ఆయన మాట ఒక్కటి నా చేత్తో చెరపడమంటే నా వల్ల అయ్యే పని కాదు. అదే ఆ అమ్మాయికి చెప్పాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు.

“అక్కా, ఆ మాటలు చదివే నేను ఈ పని నేర్చుకున్నా. పైన ఒకటి రాసుండి, లోపల ఇంకోటి జరిగితే నా ఎనక వచ్చేటోళ్ళు పై మాటే నమ్ముతారు. నమ్మి మళ్ళా పాత మాదిరి మార్చేస్తారు. సారు మాట అబద్ధం గావడం నాకిష్టం లేదు. తీసుకుంటే రెండూ తీసుకో, లేకుంటే వద్దు.”

మామ పోయాక చివరి ఆమోదం నాదే. నేను నొక్కితేనే మార్పు అందరికీ చేరుతుంది. నేను నొక్కలేదు. రోజులు గడుస్తున్నాయి. అక్కడ బిందెలు, ఇక్కడ నేను. అన్నం సహించడం లేదు. నా వాలకం చూసి అత్త నిలదీస్తే మొత్తం చెప్పాను. ఆమె వింటూ వింటూ నా వైపు వింతగా చూసింది.

“మీ మామ బతికున్నప్పుడు ఆ మాటలు ఎన్నిమార్లు కొట్టేసినావు నువ్వు?”

“అప్పుడు ఆయన ఉన్నారు గదత్తా. మళ్ళా రాసేవారు.”

“ఇప్పుడు ఆ పిల్ల రాసింది గదా. నువ్వు కొట్టేస్తే ఆయనెప్పుడన్నా అలిగినాడా? నవ్వినాడు. ఇప్పుడేంది, ఆ మాటకి దండేసి మొక్కుతావా? ఆడ ముసల్ది బిందె పెట్టుకోని కూసున్నాదంటివే. నాకు లేదా బాధ? పో, ముందు ఆ పని చూడు. వచ్చి తిందువు.”

వెళ్ళి కూర్చున్నాను. తెర మీద మామ వరస ఎర్రగా ఉంది, పోబోయేది కాబట్టి. దాని కింద ఆ అమ్మాయి వరస పచ్చగా ఉంది. “నీళ్ళు రాలేదని ఆ వీధివాళ్ళలో ఒకరు చెబితేనే వంతు తప్పినట్టు, డ్రైవరు ఫోను పలకకపోతే తప్పినట్టు కాదు.” మామ చూసి ఉంటే ఇందులో ఒక్క మాట కూడా కొట్టేసేవారు కాదని తెలుసు. తెలిసినా ఏడుస్తూనే నొక్కాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి అమ్మమ్మ ఊరి గుట్ట ఎక్కి ఫోన్ చేసింది. “నీళ్ళొచ్చినాయక్కా. మా అమ్మమ్మ తలంటుకుంటా ఉంది” అని నవ్వింది.

ఏ వరస చివరిసారి ఎవరు రాశారో చూపించే పేజీ ఒకటి ఉంటుంది. ఫోన్ పెట్టేసి దాన్ని తెరిచాను. ఎడమ పక్కన పై నుంచి కిందికి పేర్లు. బోరు, ట్యాంకరు, డ్రైవరు, ఆ మాటలన్నింటి పక్కనా మామ పేరే. వంతు దగ్గర మొదటి వరసకు మామ పేరు. దాని కింద దొనకొండ అమ్మాయి పేరు. ఎవరి ఇల్లు పెద్దదో తెలియదన్న వరస పక్కన, మళ్ళీ మామ పేరు.