చెరిగిపోని తిట్టు

అమ్మ జీవితమంతా బట్టలు కుట్టింది. సర్టిఫికెట్ లేనందుకు కుట్టు నేర్పే ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఈ వయసులో ఆన్‌లైన్ కోర్సులో చేరింది. ఆఖరి జవాబులు రాసి పంపితే కుట్టు బడిలో టీచరమ్మ అవుతుంది.

ఒక్క వేలితో టైపు చేస్తుంది. ఒక వాక్యం రాసి, పక్కనున్న కుట్టు మెషీన్ చక్రాన్ని ఊరికే తిప్పుతూ ఆలోచిస్తుంది. ఈలోగా సైటు ఆమెను మరిచిపోతుంది. ‘మళ్ళీ లాగిన్ అవ్వండి’ అంటుంది. రాసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

"నా బుర్రకే ఎక్కట్లేదురా. ఇంకొక్కసారి పోయిందంటే మానేస్తా," అంది.

ఆ సైటు నడిపే ఉద్యోగం మా ఆవిడదే. ఆ సంగతి అమ్మకి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. ఎందుకంటే, ఎలాగూ పోయేదే కదా అని, లేచే ముందల్లా అమ్మ జవాబు రాసే పెట్టెలోనే సైటు చేసినవాళ్ళకి ఓ తిట్టు టైపు చేసి వెళ్ళేది.

అది జావా ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ చట్రం మీద నడిచే సైటు. వచ్చిందెవరో, ఎంతవరకు రాశారో సర్వర్ తాత్కాలిక మెమరీలోనే పెట్టుకుంటుంది. కాసేపు కదలిక లేకపోయినా, సర్వర్ ఆపి మళ్ళీ పెట్టినా అంతా మాయం. అమ్మ మానేస్తానన్నాక, ఆ దాచుకునే భాగాన్ని తీసేసి మా ఆవిడ సొంతంగా ఒకటి రాసింది. ఇక రాస్తున్నది రాస్తున్నట్టే డేటాబేస్‌లో చేరి వారంపాటు ఉంటుంది.

"వారమెందుకు, అరగంట చాలదా?" అన్నాడట మేనేజరు.

"ఆలోచించేవాళ్ళు ఏమైపోవాలి సార్?" అందట ఈవిడ.

ఆ మార్పు చేసిన మర్నాడు మధ్యాహ్నం అమ్మ రాస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఆగిపోయేలోపు అలవాటుగా తిట్టు టైపు చేసి లేచింది. కరెంటు వచ్చాక పేజీ తెరిచి కొయ్యబారిపోయింది. జవాబులన్నీ ఉన్నాయి. వాటి కింద ‘ఈ సైటు చేసినవాళ్ళ చేతులు పడిపోను’ అన్నదీ ఉంది.

"అత్తయ్యా, ఆ చేతులు నావే," అంది వెనక నుంచి మా ఆవిడ.

అమ్మ తిట్టును ఒక్కో అక్షరమే చెరిపేసింది. మిగిలిన జవాబు నిదానంగా పూర్తి చేసి పంపింది. తర్వాత మెడలోని కొలత టేపు తీసింది.

"ఏవీ ఆ చేతులు? ఇలా చాపు."

కొత్త జాకెట్టుకి కొలిచినట్టు భుజం నుంచి మణికట్టు దాకా కొలిచింది. కొలతలు ఎక్కడైనా రాసిపెట్టమంటావా అని అడిగాను.

"అక్కర్లేదు, గుర్తుంటుంది," అంది అమ్మ, కోడలి చెయ్యి ఇంకా వదలకుండానే.