లెక్కలో పోయిన నాలుగడుగులు

ఇన్నమ్మ మేడమ్ ఖమ్మంలో మా కాలేజీకి తొంభై రెండులో వచ్చింది. హైదరాబాదులో పెద్ద పరిశోధన సంస్థలో పద్నాలుగేళ్లు చేసిన మనిషి ఇంటర్ పిల్లలకు త్రికోణమితి చెప్పడానికి ఎందుకు వచ్చిందో స్టాఫ్ రూములో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె నాకు ఆ సంగతి చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

ఆమెది దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అన్న జోజి పడవ నడిపి చదివించాడు. ఖమ్మంలో సిస్టర్ల హాస్టల్, వరంగల్‌లో ఎమ్మెస్సీ. డెబ్భై ఎనిమిదిలో హైదరాబాదులో పరిశోధనకు చేరి, ఊరి నదినే అంశంగా తీసుకుంది. ఎగువన లేచిన వరద ఎన్ని గంటల్లో, ఎంత ఎత్తున కిందికి చేరుతుందో కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టాలి.

నది పొడవును ముక్కలుగా చేసి, ఒక ముక్కలో ఉన్న నీటిమట్టాన్ని బట్టి పక్క ముక్కలో వచ్చే గంటకు ఎంత ఉంటుందో చూస్తూ పోవాలి. అట్టకార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటర్ గదిలో ఇస్తే, ఫలితం మర్నాడు వచ్చేది. మొదటి రెండేళ్లూ ఆ కాగితాల మీద గోదావరి ఒకరోజు మూడు వందల అడుగులు లేచేది, ఇంకోరోజు నేల కిందికి దిగిపోయేది. చిన్న చిన్న తేడాలు ఒకదాన్నొకటి పెంచుకుని లెక్కను బద్దలు కొట్టేవి. చివరికి ఆమె ప్రతి మట్టాన్నీ పక్కవాటితో కలిపి సగటు తీసింది. లెక్క నిలబడింది. కానీ సగటు తీసినప్పుడల్లా వరద శిఖరం కొంచెం అరిగిపోయి, అసలుకన్నా తక్కువ ఎత్తు చూపేది.

"అందరూ అట్లాగే చేస్తారమ్మా, థీసిస్‌కు చాలు," అన్నారు గైడు చెంచురామయ్యగారు. డాక్టరేట్ వచ్చింది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి లేచింది. జోజి పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చేశాడు.

"ఊరోళ్లు గుట్టెక్కుదామంటున్నరు చెల్లె. నీ లెక్కల ఎంతొస్తది?"

ఎగువ మట్టాలు అప్పటికే ఆమె చేతికి వచ్చాయి. పొద్దున్నే లెక్క చూసుకుంది.

"బడి మెట్ల దాకా వస్తదన్నా. లోపలికి రాదు."

"ఇంక ఫికర్ లేదు," అన్నాడు జోజి.

ముసలివాళ్లనూ పిల్లలనూ వానలో గుట్టెక్కించడం ఎందుకని ఇరవై మందిదాకా బడిలో ఉండిపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి బడిలో నాలుగడుగుల నీళ్లు. జోజి పడవలో రెండుసార్లు జనాన్ని గుట్టకు చేర్చాడు. భార్య ముత్యాలమ్మ మొదటి విడతలోనే గుట్టెక్కింది. మిగిలిన నలుగురి కోసం మూడోసారి వెళ్లి వాళ్లను ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, కొట్టుకొచ్చిన చెట్టు ఒకటి పడవను బోల్తా కొట్టింది. గుట్ట మీది నుంచి ముత్యాలమ్మ చూస్తూనే ఉంది. ఐదుగురిలో ఒక్కరూ బతకలేదు. జోజి శవం మూడో రోజు దిగువన లంకలో దొరికింది.

అన్నకు చర్చిలో నెల పూజ పెట్టించి వచ్చాక ఇన్నమ్మ మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ శిఖరం అరగకుండా, లెక్క బద్దలవకుండా ఉండే పద్ధతి కావాలి. నాలుగేళ్లు ఇంకో పని చెయ్యలేదు. లెక్కలో అలజడి లేచిన చోటే సగటు తీసి, శిఖరం దగ్గర ముట్టుకోకుండా వదిలేసే ఉపాయం చివరికి దొరికింది. ఎనభై ఆరు వరద రోజు తన చేతిలో ఉన్న మట్టాలే, ఒక్క అంకె మార్చకుండా, కొత్త పద్ధతిలో వేసింది. బడిలో నాలుగడుగుల మూడంగుళాలు అని వచ్చింది.

ఆ వ్యాసాన్ని విదేశీ పత్రిక అచ్చువేసింది. సంస్థలో స్వీట్లు పంచారు. ఆమె బస్సెక్కి ఊరికి పోయి వదిన ముందు కూర్చుంది.

"నీళ్లు లోపలికి వస్తయని ఆ రోజే తెలుసుకోవచ్చు వదినా. నేనే సరిగ్గ చూడలె."

ముత్యాలమ్మ బియ్యం చెరగడం ఆపలేదు. "గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్?"

"ఇంకెవరికి చెప్పాలె?"

"ఆయనకు చెప్పు పో," అంది ముత్యాలమ్మ. చేట తీసుకుని లోపలికి పోయింది.

ఊరికి దగ్గరగా ఉండాలని మరుసటి ఏడాది ఇన్నమ్మ మా కాలేజీకి వచ్చింది. తొంభై నాలుగులో గోదావరి మళ్లీ పెరుగుతుంటే సెలవు పెట్టి వెళ్లి, బడి మునుగుతుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఊరంతా గుట్టెక్కింది. రెండు రోజులు వానలో తడిశారు. చలికి పిచ్చయ్య అనే రైతు మేకలు ఏడు చచ్చాయి. నీళ్లు బడికి ఆరడుగుల కిందే ఆగిపోయాయి.

"సదువుకున్నోళ్ల లెక్కలు గింతే," అన్నాడు పిచ్చయ్య అందరి ముందూ. ముత్యాలమ్మ అదే టార్పాలిన్ కింద ఉండి కూడా ఇన్నమ్మ వైపు తిరగలేదట.

ఆమె కాలేజీకి తిరిగి వచ్చాక, లెక్క ఎక్కడ తప్పిందని అడిగాను.

"తప్పలేదు సార్. నీళ్లు ఎక్కడ ఆగినయో, అక్కడే ఆగుతయని వచ్చింది," అంది. "వచ్చిన అంకె చెప్పడానికి నోరు రాలె. ఏడడుగులు కలిపి చెప్పిన."

గంట మోగితే ఆమె హాజరు పుస్తకం తీసుకుని క్లాసుకు వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఒక్క వ్యాసం కూడా రాయలేదు. కొత్త పద్ధతిని ఎక్కడెక్కడి నదులకో వాడుతున్నామని బయటి దేశాల నుంచి ఉత్తరాలు వచ్చేవి. వాటికి జవాబు రాయకుండానే బీరువాలో పడేసేది.