పోలిరాజు రాసిన ఇరవై మూడో బోర్డు

ముక్తేశ్వరంలో ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, అందులో గడ్డి కంటే ముందు బోర్డు మొలుస్తుంది. ‘ఈ స్థలం ఫలానావారిది. ఆక్రమించినవారు శిక్షార్హులు.’ ముప్ఫై ఏళ్లుగా ఆ బోర్డులన్నీ రాసేది పోలిరాజే. ఫ్లెక్సీలు ఎండకి వెలిసిపోతాయి గానీ ఆయన అక్షరం చెక్కుచెదరదు. ఇంతమంది స్థలాలు కాపాడే మనిషికి సెంటు భూమి లేదు. కాలవ గట్టు మీద రేకుల ఇల్లు, ఆ గట్టూ ప్రభుత్వానిదే.

పోయిన వేసవిలో భీమరాజుగారి కన్ను ఆ గట్టు మీద పడింది. వెనకున్న తన కొబ్బరితోటని ఆయన ప్లాట్లు వేశారు, దారికి ఈ ఇల్లు అడ్డం. ఖాళీ చెయ్యమని చెప్పి ఊరుకోలేదు. గట్టు కూడా తనదేనని బోర్డు రాయమన్నారు, అదీ పోలిరాజునే! ఊళ్లో అంత బాగా రాసేవాడు ఇంకొకడు లేడట. నాకైతే ఒళ్లు మండిపోయింది.

“నా పేరు పెద్దక్షరాల్లో ఉండాలి పోలిరాజూ.”

“ఆయ్, అలాగేనండి.”

మర్నాడు ఇంటి ముందు తలుపంత బోర్డు లేచింది. ‘ఈ స్థలం కూడా భీమరాజు గారిదే. ఇది ఇరవై మూడోది.’ దాని కింద మిగతా ఇరవై రెండూ ఉన్నాయి: జొన్నాడ హైవే పక్కన ఒకటి, అమలాపురం కోర్టు వెనక రెండు... ఒక్కటీ మరిచిపోలేదు, అన్నిటి బోర్డులూ తన చేత్తో రాసినవే కదా. ఆటోలు ఆగాయి, బస్సు కూడా ఆగింది. భీమరాజుగారి తమ్ముడు రామ్మూర్తిగారు రెండుసార్లు చదివి, రాసుకోవడానికి కాగితం తెస్తానని బండెక్కి ఇంటికెళ్లారు. అన్నదమ్ముల పంపకాల్లో వాటిలో తొమ్మిది అసలు లెక్కలోకే రాలేదు.

విశాఖలో చిత్రకళ చదువుతున్న మా అమ్మాయి సత్యప్రియ ఫొటోలు తీసుకుంది. “ఇది కాన్సెప్చువల్ ఆర్ట్ మావయ్యగారూ! బొమ్మ కంటే ఆలోచన ముఖ్యం.”

“ఆయ్, దానికి ఎనామిల్ వాడతారామ్మా, ప్లాస్టిక్ పెయింటా?” అన్నాడు పోలిరాజు.

మధ్యాహ్నానికి భీమరాజుగారు పరిగెత్తుకొచ్చారు. “చెరిపెయ్యవయ్యా బాబూ, కొంప ముంచేవు!”

“మీరే కదండి పెద్దక్షరాలన్నేరు. చెరిపేస్తానండి. కానీ పై లైనుతో సహా మొత్తం చెరపాలండి. సగం చెరిపితే నా పనికి చెడ్డపేరండి.”

రామ్మూర్తిగారి బండి చప్పుడు దగ్గరపడింది. “మొత్తం చెరిపెయ్యి. నీ ఇంటి జోలికి రాను,” అన్నారు భీమరాజుగారు.

తెల్లరంగు ఆరాక పోలిరాజు కుంచె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. గట్టు తనది కాదు, అబద్ధం రాయడు. చివరికి ‘ఈ స్థలంలో పోలిరాజు ఉంటున్నాడు’ అని రాశాడు. శిక్ష మాట రాయలేదు.

నవ్వుకుంటూ ఇంటికి బయలుదేరి, మా ఖాళీ స్థలం దగ్గర ఆగిపోయాను. పదేళ్లుగా ఊరికే పడివున్న ఆ ఐదు సెంట్లలో, ఆయన చేత నేను రాయించుకున్న బోర్డు తళతళలాడుతోంది. సిగ్గేసింది.