నావ దిగిన ఏడాది

పోయిన వారం రాజమండ్రిలో లేడీ డాక్టరు గారు నా స్కానింగ్ రిపోర్టు పక్కన పెట్టి, "ఇంక మీకు నెలసరి రాదండి. అయిపోయినట్టే, హాయిగా ఉండండి" అన్నారు. ఊళ్ళో సర్కస్ డేరా ఎత్తేశారన్నంత తేలిగ్గా అనేశారు ఆవిడ. ఉన్నట్టుండి ఒళ్ళంతా కుంపటిలా రాజుకోవడం, మరుక్షణం చెమటకి జాకెట్టు తడిసిపోవడం, ఫ్యాను కింద కూర్చుని కూడా విసనకర్ర వెతుక్కోవడం, వీటన్నిటికీ ఒక పేరుందని తెలిశాక కొంచెం ధైర్యం వచ్చిన మాట నిజమే. కానీ బ్రిడ్జి మీద బస్సు కొవ్వూరు వైపు వస్తుంటే, కింద గోదావరిలో ఎవరిదో నావ కనిపించి నాకు కోపం ముంచుకొచ్చింది. ఈ నెలసరి వచ్చేటప్పుడు నన్ను ఒక్క మాట అడగలేదు, పోయేటప్పుడూ అడగలేదు. వస్తూ వస్తూ నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయిందో దానికేం తెలుసు?

మాది చేపలు పట్టే ఇల్లు. నాన్నకి సొంత నావ ఉండేది. మగపిల్లలు లేరు కాబట్టి, నాకు నడక వచ్చీరాగానే ఎత్తుకెళ్ళి నావలో వేసుకున్నాడని అమ్మ దెప్పుతూ ఉండేది. నావలోకి ఊరే నీళ్ళని రేకు డబ్బాతో తోడి పారబోయడం నా ఉద్యోగం. నాన్న నన్ను "ఒరేయ్" అనే పిలిచేవాడు. పుల్లలా ఉండేదాన్ని, ఆ పిలుపు నాకు సరిగ్గా సరిపోయేది. పన్నెండో ఏట మాత్రం నా ఒళ్ళు నాతో చెప్పాపెట్టకుండా పనులు మొదలుపెట్టింది. దీపావళికి కుట్టించిన గౌను ఉగాదికల్లా మోకాళ్ళ పైకెక్కి, చంకల దగ్గర పిగిలింది. నావలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నాన్న ఒకరోజు తన పాత చొక్కా తెచ్చి, "ఎండ మాడ్చేస్తందిరా, ఏసుకో" అన్నాడు. చేపల వాసనా బీడీ వాసనా కలిసి కొట్టే ఆ చొక్కాని అమ్మ ఉతుకుతానన్నా ఇచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు నాకు ఒకటే ఆశ. వానలు మొదలై గోదావరికి ఎర్రనీళ్ళు తగిలితే సముద్రం నుంచి పులస చేపలు ఎదురెక్కి వస్తాయి. వరద నీళ్ళలో చిన్నపిల్లలు పనికిరారని అప్పటిదాకా నన్ను పులసల వేటకి తీసుకెళ్ళలేదు. "ఈ ఏడు నువ్వూ రావాలిరా, వల నువ్వే లాగుదువు గాని" అని నాన్నే అన్నాడు. ఇంకేం, పొద్దున్నే రేవుకి పరుగెత్తి నీళ్ళ రంగు చూసి రావడం నాకొక పనైపోయింది.

నీళ్ళు రంగు మారకముందే ఒక సాయంత్రం నా గౌను మీద మరక కనబడింది. నావలో మేకు గీసుకుందేమో అనుకుని ఎంత వెతికినా దెబ్బ దొరకలేదు. అమ్మకి చెబితే నావ మాన్పిస్తుందని భయపడి మేనత్తకి చెప్పాను. ఆవిడ నాన్నకి అక్క. భర్త పోయాక మాతోనే ఉండి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మేది. అమ్మ తిట్టినప్పుడల్లా నా తరఫున వకాల్తా పుచ్చుకునేది కూడా ఆవిడే. అత్త విని, పెద్దమనిషివయ్యావని చెప్పింది. మా వాళ్ళలో పెద్దమనిషైన ఆడపిల్ల నావ ఎక్కకూడదు, వలకి అంటు తగులుతుందంటారు. అది నాకూ తెలుసు. అత్త కాళ్ళు పట్టుకున్నాను.

"పులసల రోజులు వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకత్తా. తర్వాత నీ ఇష్టం."

"నేనెందుకు చెబుతానే, పిచ్చిమొహమా" అని నా నెత్తిన చెయ్యి వేసింది కూడా.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి రోట్లో నువ్వులూ బెల్లం దంచుతున్న చప్పుడు. మూల కొత్త తాటాకు చాప వేసి ఉంది. వీధిలో ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే ఉన్నారు. నన్ను చాప మీద కూర్చోబెట్టి నోట్లో చిమ్మిలి ఉండ పెట్టింది ఎవరో కాదు, మా అత్తే. నేను ఉమ్మేశాను. "సిగ్గుపడతందండీ" అని అందరూ మురిసిపోయారు. అది సిగ్గు కాదు, అత్త చెయ్యి కొరకలేక ఉమ్మేశాను. స్నానాలయ్యి బయటికి వచ్చాక రేవుకి పరుగెత్తాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాన్న నావ అప్పటికే ఏటి మధ్యకి వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, నా వైపు చూడకుండా, "అన్నం తిన్నావామ్మా?" అని అడిగాడు. అంతకుముందు ఎన్నడూ నన్ను అమ్మా అనలేదు. ఇంక నన్ను నావ ఎక్కనివ్వరని నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది.

అత్తని నేను క్షమించలేదు. మాట్లాడాను, జ్వరమొస్తే మందులేశాను, అమ్మా నాన్నా పోయాక నా ఇంట్లోనే పెట్టుకున్నాను, కానీ క్షమించలేదు. నాన్న మీద మాత్రం ఈగ వాలనిచ్చేదాన్ని కాదు. పాపం, నలుగురి ముందూ ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకునేదాన్ని.

రాజమండ్రి నుంచి వచ్చిన రోజు అత్తకి స్నానం చేయించాను. ఆవిడకి ఎనభై దాటాయి. తట్ట మోసిన మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. చిన్నప్పుడు నేను వెనక దాక్కుంటే కనబడనంత మనిషి, ఇప్పుడు నిలబడితే నా భుజం దాకా కూడా రాదు. వీపు రుద్దుతూ, దెప్పాలనే అన్నాను.

"నాకు ఆగిపోయిందంటత్తా. ఇప్పుడు ఎక్కమంటావా నావ?"

"నా మీదేంటే ఇంకా కోపం?" అంది అత్త. "చెప్పమంది మీ నాన్నేనే. 'అక్కా, ఇంకా కాలేదా' అని ఆ ఎండాకాలమంతా నన్ను అడుగుతానే ఉన్నాడు. పక్క నావల్లో మగోళ్ళు నిన్ను చూసే చూపు ఆడికి నచ్చలేదు. చొక్కా ఏసింది ఎండకనుకున్నావేంటి? నిన్ను పులసలకి తీసుకెళ్ళే ఉద్దేశం ఆడికి లేనే లేదు. దిగమనడానికి నోరు రాక, అదొస్తే బాగుణ్ణని చూసేవోడు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాన్నంటే నీకు ప్రాణం కదే. ఆ కోపమేదో నా మీదుంటే ఏం పోయిందిలే అనుకున్నాను."

నేను చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అత్త కళ్ళు మూసుకుని, చల్లారిపోయాయే, ఇంకొంచెం వేణ్ణీళ్ళు కలపమంది. నా ఒంటి సంగతి నాకంటే ముందే నాన్నకి తెలుసు. నేను రోజూ రేవుకి పోయి నీళ్ళ రంగు చూసొస్తుంటే, ఆయన ఇంట్లో కూర్చుని నా కోసం ఇంకొకదానికి ఎదురుచూశాడు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు రావలసిన కోపం ఇన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఎవరి మీదికి పోవాలో తెలియక నా దగ్గరే ఉండిపోయింది.