కత్తులమ్మే ఆమెను బరిలోకి దింపిన అత్త

పోయిన ఆదివారం, చర్చిలో చివరి పాట ఇంకా పూర్తి కాకముందే ఇంట్లో మా మేనత్త కన్నుమూసింది. మార్కాపురంలో ఆమెను ఎరిగినవాళ్లకు ఆమె పలకల ఫ్యాక్టరీ కూలీ. నాకు మాత్రం ఎవరూ తయారుచేయని ఒక వీడియో గేమ్‌ను తలలో పెట్టుకుని తిరిగిన మనిషి. ఈ మాట సమాధి దగ్గర చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. ఇక్కడ చెబుతున్నాను, నవ్వితే నవ్వండి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన ఫోన్‌లో నేను కత్తియుద్ధం గేమ్ ఆడుతుంటే అత్త పక్కన కూర్చుని చూసింది. వీరుడు దుకాణంలో కత్తి కొనుక్కుని వెళ్లిపోయాడు.

"ఆ దుకాణం ఆమె ఎప్పుడు కొట్లాడుతుంది?" అంది.

"ఆమె కొట్లాడదత్తా. అమ్ముతుంది, అంతే."

"ఏందీ! అన్ని కత్తులు పెట్టుకొని ఊరికే కూచుంటాదా? దింపు ఆమెను, నేను చూస్తా."

అలా మొదలైంది. రకరకాల గేముల్లో వెనక నిలబడిపోయే వాళ్లందరినీ ఏరి అత్త ఒకే బరిలోకి దింపేది. బస్సు గేమ్‌లో ఎప్పుడూ బస్సు అందని ముసలాయన. పొలం గేమ్‌లో దిష్టిబొమ్మ. పండ్లు నరికే గేమ్‌లో పుచ్చకాయ. "ఇన్ని దెబ్బలు తిన్న కాయ ఒక్కటన్నా తిరిగి కొట్టదా?" అనేది. ఫ్యాక్టరీలో పనికిరావని పారేసిన పలక ముక్కలు తెచ్చి ఇస్తే, వాటి మీద బలపంతో ఒక్కొక్కరినీ నేను గీసేదాన్ని.

గెలుపోటములు తేల్చే పద్ధతి ఆమె పనిలోంచే వచ్చింది. పలకలో కంటికి కనబడని పగులుందేమోనని వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, బొంగురుగా పలికితే లోపల చీలినట్టు. అత్త కళ్లు మూసుకుని రెండు ముక్కల్నీ తట్టి, మోగినవాళ్లను గెలిపించేది. ఆ పైన పప్పుకు తాలింపు పెడుతూనే పోరాటమంతా చెప్పేది. ముసలాయన యర్రగొండపాలెం బస్సు వెనక పరుగెత్తీ పరుగెత్తీ గాల్లోకి లేచేవాడు. దిష్టిబొమ్మ చొక్కాలోంచి పిట్టలు లేచి నల్లమల అంతా కమ్మేసేవి. ఆ కొండల వైపు చూస్తే నాకు ఇప్పటికీ అట్లాగే కనిపిస్తుంది.

నేనేమో కత్తివీరుణ్ణే గెలిపించాలని నున్నటి ముక్క ఏరి గీసేదాన్ని. ప్రతిసారీ వాడే ఓడేవాడు. ఒకసారి ఏడ్చేశాను కూడా.

"నున్నగుంటే గట్టిదనుకున్నావా పిచ్చిదానా? అన్నీ పారేసినవే. ఏది మోగుతాదో తట్టితేగానీ తెలీదు" అంది.

ఈనాటికీ ఏ గేమ్ తెరిచినా ముందు వెనక నిలబడినవాళ్లనే చూస్తాను. ఆ చూపు ఆమె ఇచ్చిందే. తనను గీస్తానంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "నాకేం చేతనవుతాది, పో" అనేది. నాకు ఒళ్లు మండేది. ముప్పయ్యేళ్లు రాయి కోసిన మనిషికి చేతకాకపోవడమేంటి?

ఆ రాతిదుమ్మే చివరికి ఊపిరితిత్తుల్లో చేరింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం మంచంలోంచి, "ఈరోజు నన్ను దింపు పాపా" అంది. కొంగు నడుముకు చుట్టిన పొట్టి మనిషిని గీశాను.

"నీ దెబ్బ ఏందత్తా?"

"ఊదుతా. ఒక్క ఊపిరి ఊదితే అందరూ పోయి పొదిలిలో పడాల."

తనే నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. నాకు ఒక్కటే కోరిక, ఆమె గెలవాలి. అంచులు విరిగిన ముక్క ఏరి, దాని మీద పుచ్చకాయను గీసి ఎదురు నిలబెట్టాను. మోసమే, ఒప్పుకుంటాను. అత్త కళ్లు మూసుకుంది. ఈసారి నేనే తట్టాను. పుచ్చకాయ ఖంగుమంది. అత్త ముక్క బొంగురుగా పలికింది.

"నువ్వే గెలిచినావత్తా."

ఆమె కళ్లు తెరవకుండానే నవ్వింది. "ఊపిరి పోయింది గానీ చెవులు పోలేదు పాపా. ఓడిపోయినాలే. అయితేనేం, దిగినా గదా."

తన బొమ్మ ఉన్న ముక్కను నా చేతిలోంచి తీసుకుని, గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది. నేను మంచం పక్కనే కూర్చున్నాను. తెల్లటి గీతల ఆ పొట్టి మనిషి, ఆమె ఊపిరితోపాటు మెల్లగా పైకి లేస్తూ, మెల్లగా కిందికి దిగుతూ ఉంది.